ఇంటిపేరులో ఊరు

తొంభైల్లో ఒకరోజు గల్ఫ్‌లో, షినాస్ అనే ఊళ్లో సీబ్ వెళ్లే వ్యాను కోసం కూర్చుంటే, నా పక్కన ఒక తెల్లాయన కూర్చున్నాడు. క్రేన్ మెకానిక్, అరవై దాటి ఉంటాయి. "ఏ దేశం?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. అక్కడ అందరం మొదట అడిగే మాటే అది. ఆయన మాత్రం వెంటనే చెప్పలేకపోయాడు.

వాళ్ల ఊరు గ్రీసుకూ అల్బేనియాకూ నడుమ సరిహద్దు కొండల్లో ఉందట. తల్లి మాట్లాడేది గ్రీకు, తండ్రిది అల్బేనియన్. పొలంలో పాత కుండపెంకు దొరికితే చాలు, వేల ఏళ్ల కిందట ఇక్కడున్నది మావాళ్లేనంటూ రెండు పక్కలవాళ్లూ వచ్చేవాళ్లట.

"మరి ఎవరి మాట నిజం?"

తెలియదన్నట్టు చెయ్యి తిప్పి, "నీది ఏ ఊరు?" అన్నాడు.

జగిత్యాల దగ్గర అన్నాను. మా ఇంటిపేరు మాత్రం ఇంకో ఊరి పేరని, తాతముత్తాతలు అక్కణ్నుంచే వచ్చారని, అసలు మాది ఆ ఊరేనని గొప్పగా చెప్పాను. నేనా ఊరు చూసిందే లేదు.

"ఇప్పుడక్కడ ఎవరుంటున్నారు?"

"ఎవరో."

ఆయన నవ్వలేదు. "మా ఊళ్లో ఆ ఎవరో మేమే," అన్నాడు. అంతలో వ్యాను వచ్చింది.

మరుసటేడు సెలవుకొచ్చినప్పుడు, నేనెక్కిన బస్సు మా ఇంటిపేరు ఊళ్లో ఆగింది. కిటికీ కింద పల్లీలమ్మే ఆమె పొట్లం అందిస్తూ, "ఏ ఊరు అన్నా, మనది?" అని అడిగింది.

నేనూ వెంటనే చెప్పలేకపోయాను.