ఉలి పట్టిన చెయ్యి

తనకల్లు అవతల రాతి గుట్టలో నేను సమ్మెట కొట్టేవాణ్ణి, నాతో జతగా ఒకాయన ఉలి పట్టేవాడు. కోపం పెట్టుకుని సమ్మెట ఎత్తకూడదని ఆ పనిలో చేరిన మొదటి రోజే చెబుతారు. నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది.

వేరుశెనక్కాయ వరసగా మూడేళ్లు ఎండిపోయాక, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఇద్దరం గుట్టకు చేరాం. ఆయన సాయిబు, నాకన్నా పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. మాది ఏసయ్యను నమ్ముకున్న ఇల్లు. నా సద్ది సంచిలో మా నాయన బైబిలు ఉండేది. మధ్యాహ్నం తిన్నాక ఆయనే అడిగి తీసుకుని చదివేవాడు. చదివి ఊరుకుంటే బాగుండు. ఊరుకోడే!

ఒక రోజు చదువుతూ ఏసయ్యను సిలువ వేసిన చోటికొచ్చి ఆగాడు. "ఏమప్పా, దేవుడే అయితే దేవుణ్ణి పిలిచి ఏడ్చేదేంది? మీ ఏసయ్యే మాకు ఈసా, గొప్ప ప్రవక్త. మేమూ తలొంచుతాం. దేవుని కొడుకంటే మాత్రం ఒప్పుకోం. ఆయన సిలువ మీద చావనే లేదు."

"మాకోసం చచ్చినాడన్నా. అది తీసేస్తే మాకు మిగిలేదేముండాది?"

"దేవుడు ఈసాకు ఇచ్చిన అసలు ఇంజీలు ఇది కాదు. ఎవరో మార్చి రాసినారు."

మా నాయన ఆ పుస్తకం గుండెల మీద పెట్టుకునే ప్రాణం విడిచాడు. నాకు ఒళ్లు భగ్గుమంది. లేచి మూతి మీద గుద్దాను. ఆయన పన్ను ఊడి దుమ్ములో పడింది. వాళ్ల పుస్తకాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ మాటలు ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది. ఆయన నా గొంతు పట్టి బండ మీద పడేసి, చేతికందిన రాయి ఎత్తాడు. అప్పుడు చూశాడు, బైబిలు కింద పడి ఉంది. రాయి వదిలేశాడు. పుస్తకం తీసి, దుమ్ము తుడిచి, కళ్లకద్దుకుని ఎత్తుగా ఉన్న బండ మీద పెట్టాడు. తిరిగొచ్చి నా నోరు పగిలేలా కొట్టాడు.

మార్చి రాశారన్న పుస్తకాన్నే కళ్లకద్దుకోవడమేమిటి? ఆ పెద్దరికం చూసి నాకు ఇంకా మండింది.

మరుసటి పొద్దున ఇద్దరం మళ్లీ అదే బండ దగ్గరికి వచ్చాం. ఆ కరువులో ఇంకో పని ఎక్కడుంది? వాచిన మూతితో ఆయన ఉలి పట్టుకుని కూర్చున్నాడు.

"కోపం ఉండాదా?"

"లేదు."

అబద్ధం. నాలుగు దెబ్బలు ఉలి మీద పడ్డాయి. ఐదోది ఆయన బొటనవేలి మీద పడింది. ఎముక చితికిన చప్పుడు విన్నాను. రక్తం ఉలి వెంబడి కారింది. ఆ అరుపుకు గుట్టంతా పరిగెత్తుకొచ్చింది. మేస్త్రీ నా చొక్కా పట్టుకుని, "నిన్నటి పగ తీర్చుకున్నావేంరా నా కొడకా! పద పోలీసు స్టేషనుకు," అన్నాడు.

ఆయన పళ్లు బిగబట్టి, "వాన్ని ఇడ్సిపెట్టు మేస్త్రీ. చెయ్యి నేనే జరిపినా," అన్నాడు.

ఆయన మళ్లీ ఉలి పట్టలేదు. గొర్రెలు మేపుకుంటున్నాడు. ఎదురైతే ఇప్పటికీ, "కొడుకు కాడప్పా, ప్రవక్త," అంటాడు. నేనూ తగ్గను. కానీ మాటల్లో ఆ చితికిన చెయ్యి పైకెత్తాడంటే, గొర్రెల్ని అదిలించే నెపంతో పక్కకు తిరుగుతాను. ఆ రోజు ఆయన చెయ్యి కదల్లేదు. నేను చూస్తూనే కొట్టాను.