మసూలా దగ్గర ఆగిన పుస్తకం

మా పైవాటా అంకుల్ పోయి పన్నెండు రోజులైంది. ఆ పొద్దున వాళ్లమ్మాయి మెట్లు దిగి వచ్చి, "దీదీ, పాపా నహీ రహే" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక్క పేజీ మిగిలి ఉందండీ, ఒక్కటంటే ఒక్కటి.

ఆయనది బందరు. నేవీలో చేసి, రిటైరయ్యాక జనక్‌పురిలో ఉండిపోయారు. మన రేవుల్లో తిరిగిన పడవల పేర్లన్నీ కూర్చి చిన్న పుస్తకం వేయాలని ఆయన కోరిక. టైపు చేసే పని నా నెత్తిన పడింది. మూడేళ్ల పాటు ఆఫీసు అయ్యాక కూర్చుని అన్నీ ఫ్లాపీలోకి ఎక్కించాను, మసూలా ఒక్కటి తప్ప.

మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి చేసే పడవ అది. హిందీలో చేపను మచ్‌లీ అంటారు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, మచిలీపట్నం వల్ల వచ్చిందని కొందరు. రెండూ రాసి వదిలేద్దామన్నాను. ససేమిరా అన్నారు.

"ఆ పడవని అలల్లోకి తోసినవాణ్ణి అడక్కుండా రాస్తే అది మన ఊహమ్మా, మాటకి అర్థం కాదు" అనేవారు.

బజార్లో చేపలమ్మే భయ్యాని కూడా వదల్లేదు. అతను పాపం కిలో ధర చెప్పి ఊరుకున్నాడు. బందరుకి ఆయన రాసే ఉత్తరాలకి ఏ జవాబు వచ్చినా నేను కొట్టిన పేజీకి అడ్డగీత పడేది, పని మళ్లీ మొదటికొచ్చేది. నాకు జ్వరమొస్తే మిరియాల చారు పంపిన మనిషే. కానీ ఆ గీత చూస్తే ఒళ్లు మండేది.

పోయిన నెల, ఇక నావల్ల కాదని చెప్పేశాను. "మాటకి తొందర లేదమ్మా, నీకే ఉంది" అని నవ్వారు. నేను నవ్వలేదు. ఆ తర్వాత పైకే వెళ్లలేదు. మెట్ల మీద ఎదురైనా నమస్కారం పెట్టి తప్పుకున్నాను. తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

నిన్న ఆ పేజీ నాకు తోచినట్టు ముగించి, ప్రింటు తీసి పైకి పట్టుకెళ్లాను. అప్పుడే బందరు నుంచి ఆయన పేరున ఉత్తరం వచ్చింది. అమ్మాయికి తెలుగు చదవడం రాదు, నేనే చదివాను. ఒక ముసలి పడవాయన మనవడి చేత రాయించాడు. "మేం పడవనే అనేవాళ్లం బాబూ. మసూలా అన్నది దొరలు. చేప పేరో ఊరి పేరో మాకేం తెలుసు?"

"పాపా ఉంటే క్యా కర్తే, దీదీ?"

మళ్లీ మొదలుపెట్టమనేవారని చెప్పాను. తిట్టుకుందామన్నా ఎదురుగా మనిషి లేడు. చేతిలో ఉన్న పేజీ నిలువునా చింపేసి, ఆయన కుర్చీలో కూర్చుని ఆ ముసలి పడవాయనకి ఉత్తరం మొదలుపెట్టాను.

"తాతగారూ, మీ పడవని కుట్టేదెవరు?"