జానెడు మూల

పోయిన వారం మా పై వాటాలో ఉండే అమ్మాయి మెల్లగా మెట్లు దిగి వచ్చింది. ఏడో నెల. వాళ్ళ నాన్నకు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు ఉంది. "ఆంటీ, మెత్తటి పాత నూలు చీరలుంటే ఒకట్రెండు ఇస్తారా? పుట్టిన బిడ్డకు మొదట పాతబట్టే వెయ్యాలని మా నానమ్మ ఒకటే గోల. డాక్టరమ్మ కూడా అదే మంచిదంది" అని మా ఆవిణ్ణి అడిగింది. నానమ్మా డాక్టరమ్మా ఒకే మాట మీద నిలబడటం నేను అరుదుగా చూశాను కనుక పేపరు పక్కన పెట్టి విన్నాను. మా ఆవిడ బీరువా అడుగు అర తెరిచి చీరలు లాగుతుంటే వాటి కింది నుంచి చిన్న బొంత ఒకటి జారి నేల మీద పడింది. కలరా ఉండల వాసన గదంతా నిండింది. ఆ అమ్మాయి దాన్ని తీసి ఒళ్ళో పరుచుకుని, కుట్ల మీద వేలితో తడుముతూ పోయి, ఒక మూల దగ్గర ఆగింది. "అంకుల్, ఈ మూల ఎవరు కుట్టారు? మిగతాదంతా ఒకలా ఉంది, ఇది ఇంకోలా ఉంది" అంది. మా ఆవిడ నా వైపు చూసింది. జవాబు చెప్పే లోపలే నా మనసు పామర్రు బస్సెక్కేసింది.

పామర్రులో బస్సు దిగి కాలువ గట్టు వెంట గంటసేపు నడిస్తే మా పిన్ని ఊరు. మా అమ్మకు చెల్లెలు. ఇరవై రెండేళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మ పోయాక నన్నూ, నాకన్నా పదేళ్ళు చిన్నదైన మా చెల్లెల్నీ పెంచింది ఆవిడే. ఆవిడకు వచ్చిన విద్య ఒక్కటే, పసిపిల్లలకు బొంతలు కుట్టడం. ఊళ్ళో ఎవరింట్లో కడుపు పండినా ఆ ఇంటి పాతచీరలు మడత పెట్టుకుని మా పిన్ని అరుగు మీదకు వచ్చేవాళ్ళు. అమ్మమ్మ చీర ఒకటి, అమ్మ చీర ఒకటి, కడుపుతో ఉన్న పిల్ల కట్టి మాపిన చీర ఒకటి. వాటిని గంజి పోయేదాకా నానబెట్టి, ఉతికి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టి, అరుగు మీద ఒకదాని మీద ఒకటి పరిచి, జారకుండా ఒక పక్క రోటి పొత్రం, ఒక పక్క ఇత్తడి బిందె పెట్టేది. నడిమధ్యన సూది దింపి చుట్టు చుట్టుగా అంచుల దాకా వచ్చేది. ఒక్కో కుట్టూ బియ్యపు గింజంత. దారం బిగించి లాగితే బొంత బిగుసుకుపోతుంది, వదులుగా వదిలితే పిల్ల వేలు చిక్కుకుంటుంది, ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఆవిడ చెయ్యి నడిచేది. నోట్లో దారప్పోగు పెట్టుకునే మాట్లాడేది కనుక బొంత కుట్టే రోజుల్లో పిన్ని మాట సగమే అర్థమయ్యేది. ఆ సగం కూడా ఎక్కువగా నన్ను తిట్టడమే.

అయితే ఏ బొంతా ఆవిడ అరుగు మీద పూర్తయ్యేది కాదు. ఒక మూల జానెడు మేర కుట్టకుండా వదిలేసేది. పురిట్లో బిడ్డ ఏడుపు వినపడ్డాక, ఆ ఇంటి ముత్తైదువ ఎవరో ఒకరు ఆ మూల మూసి ముడి వెయ్యాలి. బిడ్డ రాకముందే బొంత ముగించకూడదన్నది ఒక నమ్మకం, భర్త లేని ఆడదాని చేత్తో ముగించకూడదన్నది రెండోది. ఈ రెండూ ఎప్పుడు కలిసి ఒకటయ్యాయో ఎవరికీ తెలియదు. పేరంటానికి పిలవని వాళ్ళు బొంత కోసం మాత్రం ఆవిడ గుమ్మం తొక్కేవాళ్ళు. పదివేల కుట్లకు పనికొచ్చిన చెయ్యి ఆఖరి ఇరవై కుట్లకు పనికిరాదు. చిన్నప్పుడు నాకిది వింతగా ఉండేది. పెద్దయ్యాక ఒళ్ళు మండేది.

తొంభైల్లో నేను విజయవాడలో లెక్చరర్ని. అంతకుమించి ఉపన్యాసకుణ్ణి. గ్రహణం పట్టి ఉండగా వీధి మధ్యలో సభ పెట్టి, గర్భిణులు కూడా తినవచ్చునని మైకులో చెప్పి, పులిహోర పంచినవాణ్ణి. పులిహోర కోసం జనం బాగానే వచ్చారు, గ్రహణం విడిచాక తిన్నారు. మా చిన్న మాసపత్రికలో నెలనెలా రాసేవాణ్ణి. వాటిలో మా పిన్ని బొంత మీద కూడా ఒక వ్యాసం ఉంది, పేరు చెప్పకుండా. ఊరికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. పిన్ని శ్రద్ధగా విని, "బాగా రాశావు నాయనా. అందులో ఆవిడెవరో, పాపం" అంది. నవ్వుకున్నాను కానీ, ఆ మాటలో నాకొక హెచ్చరిక ఉందని గ్రహించలేదు. రాసినదేదీ నేను వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను. నేను చెప్పబోయేది నా వాదం తప్పని కాదు.

ఆ దశకం నడిమిలో మా చెల్లెలికి మొదటి కాన్పు. పటమటలో అత్తవారిల్లు, భర్త స్పేరుపార్టుల షాపులో గుమస్తా. పుట్టింట పురుడు పొయ్యడానికి తల్లి లేదు, డాక్టర్లున్న ఊరు వదలడం ఎందుకని పిల్లను అక్కడే ఉంచారు. సీమంతానికి పిన్ని ఊరి నుంచి గుడ్డసంచిలో బొంత పెట్టుకుని వచ్చింది. మా అమ్మ ఆకుపచ్చ నేతచీర పైకి వచ్చేలా కుట్టింది, అంచున మా చెల్లెలి చిన్నప్పటి పరికిణీ ముక్క. ఎప్పటిలాగే ఒక మూల జానెడు మేర నోరు తెరుచుకుని ఉంది. ముందు గదిలో ముత్తైదువలు గాజులు తొడుగుతున్నారు. పిన్ని వెనక గదిలో గోడకానుకుని కూర్చుంది. ఎవరూ అక్కడ కూర్చోమని చెప్పలేదు, చెప్పనక్కర్లేకుండానే ఆవిడకు తన చోటు తెలుసు. అది చూసి బొంత తీసుకుని ఆవిడ ముందు కూర్చున్నాను.

"ఆ మూల నువ్వే ముగించు పిన్నీ. ఇవాళే. అందరి ముందూ నీ చేత్తో ఇద్దువుగాని" అన్నాను.

"ఒద్దు నాయనా. ఆ మూల ఉండనీ. దానివల్ల ఎవరికేం కష్టం?"

"నీకు కష్టం."

"నాకేం కష్టంలేదురా. నీకే."

"నువ్వు కుట్టకపోతే నేను కుడతా."

"సూదిలో దారం ఎక్కించు ముందు, చూద్దాం" అంది, నవ్వుతూనే. నేనా పని చెయ్యలేననుకుంది. అయిదోసారికి ఎక్కించాను. పిన్ని నవ్వు ఆగిపోయింది. చెయ్యి పట్టుకుంది, విడిపించుకున్నాను. రెండుసార్లు వేలు పొడుచుకుని, జెర్రి పాకినట్టున్న కుట్లతో ఆ జానెడు మూల మూసి, ముడి మీద ముడి వేశాను. ఆ తరవాత బొంత ముందు గదిలోకి పట్టుకెళ్ళి చెల్లెలి ఒళ్ళో పరిచి, అలవాటైన గొంతుతో చెప్పాను: "ఈ బొంత మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా మా పిన్ని చేతిది." మూల నేను కుట్టానని చెబితే ప్రయోగంలో పసే లేదు. మగవాడు సూది పట్టాడని నవ్వుకుని వదిలేస్తారు. ముగించింది పిన్ని చెయ్యి అయితేనే నా వాదం నెగ్గుతుంది. అందుకని అబద్ధమాడాను, సత్యం కోసం. గదిలో ఒక్కసారిగా గాజుల చప్పుడు ఆగింది. మా చెల్లెలు తల వంచుకుని ఆ మూలనే చూస్తూ పెదవి బిగించింది. అప్పుడే నా కళ్ళు కిందికి దిగి, పీట మీద ఉన్న ఆమె పాదాల మీద పడ్డాయి. బాగా వాచి ఉన్నాయి, మెట్టెలు చర్మంలోకి దిగబడి ఉన్నాయి. "నీరు పట్టింది, మామూలే" అంది ఎవరో. సరేననుకున్నాను. శాస్త్రదృష్టి గురించి ఊళ్ళు తిరిగి చెప్పినవాణ్ణి, నా ముందున్న ఒక్క శాస్త్రీయమైన ఆధారాన్ని సరేననుకుని వదిలేశాను.

మూడు వారాల తరవాత ఒక ఉదయం ఆమెకు మూర్ఛలు వచ్చాయి. ఆటోలో నర్సింగ్ హోంకు చేర్చేసరికి ఎనిమిదయింది. కోసి బిడ్డను తీశారు. మగపిల్లవాడు. ఏడుపు వినపడలేదు. "ఇన్నాళ్ళూ బీపీ ఎవరూ చూడలేదా?" అని డాక్టరమ్మ అడిగింది. చెల్లెలు దక్కింది. మధ్యాహ్నానికి పిన్ని పామర్రు నుంచి పరుగున వచ్చింది. వరండాలో బెంచీ మీద మా చెల్లెలి అత్తగారు కూర్చుని ఉంది. పిన్నిని చూసి ఆవిడ గొంతు పెంచలేదు, పెంచితే బాగుండేది.

"ఆఖరి ముడి మీద అలాంటి చెయ్యి పడకూడదని మా పెద్దాళ్ళు ఊరికే చెప్పలేదు వదినగారూ. ఆ మూల వదిలెయ్యమంటే వదిలెయ్యకపోతిరి."

పిన్ని నా వైపు చూసింది. ఒక్కసారే.

నేను మొదలుపెట్టాను. రక్తపోటు గురించి, గర్భిణుల్లో వచ్చే వాపు గురించి, కుట్టుకూ చావుకూ కార్యకారణ సంబంధం లేకపోవడం గురించి. వరండాలో వేరే పేషెంట్ల బంధువులు కూడా చుట్టూ చేరి విన్నారు. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. అత్తగారు అంతా విని, "మేం చదువుకోని వాళ్ళం బాబూ. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా ఆవిడ చెయ్యేనని నువ్వే కదయ్యా నలుగురిలో చెప్పావు" అంది. అప్పుడు కావలసింది ఉపన్యాసం కాదు, మూడు మాటలు. 'ఆ మూల నాది.' ఆ మూడు మాటలూ నా నాలుక మీదకు వచ్చాయి. అంతలో బుర్ర అడ్డుపడింది. మూల నేను కుట్టానని ఇప్పుడు సంజాయిషీ ఇస్తే, మూలకూ చావుకూ సంబంధం ఉందని ఒప్పుకున్నట్టు కాదా? సిద్ధాంతం దెబ్బతినదా? ఇంత చక్కటి తర్కం ఆ నిమిషంలో నాకు ఎక్కడి నుంచి ఊడిపడిందో. దాని అడుగున ఉన్నది ఏమిటో నాకప్పుడే తెలుసు. నేను భయపడ్డాను. చెల్లెలి గుమ్మం నాకు మూసుకుపోతుందని, అబద్ధాలకోరునని బయటపడతానని. భయానికి సిద్ధాంతం చొక్కా తొడిగి బయటికి పంపాను.

పిన్ని తల దించుకుంది. "నువ్వు చెప్పినవన్నీ నిజమే అయ్యుంటాయి నాయనా. నన్ను బస్సెక్కించు" అంది. చెల్లెలి మంచం దాకా ఆవిణ్ణి రానివ్వలేదు. బిడ్డ కోసం ఆసుపత్రికి తెచ్చిన బొంతను అత్తగారు కాలువలో పారేయమంటే, పిన్ని దాన్ని అదే గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. దారిలో కూడా మూల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పామర్రు సంతకు చేరిన కబురు ఏ ఊరికైనా చేరుతుంది. ఆ ఏడాది నుంచి పిన్ని అరుగు మీదకు పాతచీరలు రావడం ఆగిపోయింది. ఒకావిడ అప్పటికే ఇచ్చిన చీరలు కూడా వెనక్కి తీసుకెళ్ళిందట, బొంత సగమైనా కాకముందే. నేను వెళ్ళినప్పుడల్లా పిన్ని దీపాల వత్తులు చేస్తూ కనిపించేది. నోట్లో దారం ఉండేది కాదు కనుక మాట స్పష్టంగా వినపడేది, కానీ మాట్లాడేదే కాదు. రెండేళ్ళకు మా చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. నెలనెలా బీపీ చూపించాను, దగ్గరుండి. పిన్నిని పిలవలేదు. పిల్లకు బీసెంటు రోడ్డులో టవళ్ళు కొన్నారు. పిలుద్దామని నేను అడగకపోలేదు. "అడగకపోలేదు" అని రాసుకోవడంలోనే ఎంత గట్టిగా అడిగానో తెలిసిపోతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగో ఏటో అయిదో ఏటో పిన్ని పోయింది. దినాలకు నేనూ చెల్లెలూ వెళ్ళాం. ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున బొంత. ఉతికి మడత పెట్టి ఉంది. నా కుట్లు విప్పెయ్యడం ఆవిడకు ఒక్క నిమిషం పని, విప్పలేదు. చెల్లెలు దాన్ని ఒళ్ళో పరుచుకుని ఆ మూల మీద వేలు పెట్టింది.

"ఇది పిన్ని కుట్టు కాదన్నయ్యా."

నేను ట్రంకుపెట్టె మూత దించాను.

"సీమంతం నాడే చూశా. నవ్వొచ్చి పెదవి కొరుక్కున్నా. ఆ తరవాత, ఆసుపత్రిలో, నువ్వు చెబుతావని చూశా. ఆ తరవాత కూడా చూశా."

"నువ్వైనా చెప్పాల్సింది కదమ్మా."

"పోయిన బిడ్డను కన్నదాని మాట ఎవరు వింటారు? నీ మాట వినేవాళ్ళు. మా అత్త నిన్ను తిట్టుకునేది, కానీ వినేది." బొంత మడిచి నా చేతిలో పెట్టింది. "నువ్వే ఉంచుకో. నీ చేతి పని."

పిన్ని ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నమ్మరనుకుందో, నేను చెబుతానని తనూ చూసిందో. ఆవిడ ఎదురుచూపు ఎన్నాళ్ళు సాగి ఎక్కడ ఆగిందో అని ఇప్పటికీ అనుకుంటాను. కుట్టు వల్ల ఎవరూ చావరు. నేను ఈ మాట ఎక్కడైనా నిలబడి చెబుతాను. కానీ ఒక మనిషి తన అరుగు మీద తానే పరాయిదై పదేళ్ళు బతకడానికి, నోరున్నవాడు నోరు మూసుకోవడం చాలు. దానికి కార్యకారణ సంబంధం ఉంది.

"అంకుల్?" అంది పై వాటా అమ్మాయి.

"ఆ మూల నాదేనమ్మా" అన్నాను.

"మీరా?" అని నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. ఆ అమ్మాయి రెండు పాతచీరలు చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే, పాదాలు వాచి ఉన్నాయేమోనని చూశాను. బీపీ ఎప్పుడు చూపించావని అడిగాను. మొన్ననే, బాగానే ఉందంది. బొంత మళ్ళీ మడిచి అడుగు అరలో పెట్టాను. మూడు మాటలు, మూడు క్షణాలైనా పట్టలేదు. వినవలసినవాళ్ళంతా వెళ్ళిపోయాక నిజం ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందో తెలుసుకోవడానికే నాకు ఒక జీవితకాలం పట్టింది.