ఎర్తింగ్ లేని ఆల్బమ్

దొనకొండ దాటాక, ప్యాసింజరు రైల్లో పక్కసీటాయన నా ఇయర్‌ఫోన్లలో ఒకటి అడిగి మరీ చెవిలో పెట్టుకున్నాడు. గిద్దలూరులో మైక్‌సెట్లు అద్దెకిస్తాడట. అందులో మోగుతున్నది నేను పాతికేళ్లుగా నెత్తిన పెట్టుకున్న పాత ఇంగ్లీషు రాక్ ఆల్బమ్. మొదటి పాటంతా గిటార్ల కూత, గుర్రుమనే మోత.

"దీంట్లో ఎర్తింగ్ లేదన్నా, అందుకే ఈ గుర్రు," అన్నాడాయన.

నాకు ఒళ్లు మండింది. అది కావాలని పెట్టిన మోత అనీ, అంతకుముందు ఎవరూ అలా చెయ్యలేదనీ, తర్వాతి బ్యాండ్లన్నీ దాన్ని వినే నేర్చుకున్నాయనీ కంభం దాకా గొంతు చించుకున్నాను.

"ఎవరూ చేయకపోవడమేంది? రాచర్ల సువార్త సభల్లో నేను చేసినా గదా. పాస్టరయ్య ప్రార్థన ఆపి మరీ తిట్టినాడు."

"మీది పొరపాటండీ! వాళ్లది ప్రయోగం!"

"అట్లనా? ఆ మాట అప్పుడే తెలిసింటే పాస్టరయ్యకు చెప్పి తప్పించుకునేవాణ్ణి," అని నొచ్చుకుంటూ ఇయర్‌ఫోన్ తుడిచి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక, కసికొద్దీ అదే ఆల్బమ్ పెద్ద స్పీకర్లలో పెట్టాను. మోత మొదలైంది. నా ఖర్మ, లేచి వెళ్లి ప్లగ్గు కదిపి చూశాను.