రామదాస్ శేట్ హార్మోనియంల గది

నాందేడ్ బట్టల బజారులో నలభై ఏళ్లు గజంకట్టె పట్టిన రామదాస్ పోలావార్, కొడుక్కి దుకాణం అప్పజెప్పిన మర్నాటి నుంచే పాత హార్మోనియంల మీద పడ్డాడు. పడ్డాడనే అనాలి మరి! మేడ మీది గదిలో ఎక్కడ కాలు పెట్టినా తిత్తులు, మరలు, స్వరం పలికే ఇత్తడి రీడ్లు. భార్య సుందరబాయికి చివరికి పప్పు డబ్బాలోనూ ఒక రీడు దొరికింది.

"గీ వయసుల గిదేం పిచ్చి మీకు?" అని ఆమె కసిరితే, "బట్టలమ్మింది కడుపు కోసం. గిది నా కోసం" అనేవాడు. భజన మండళ్ల వాళ్లు తెచ్చే పెట్టెల్ని ఊరికే బాగుచేసి పంపేవాడు.

రెండేళ్ల కింద పూనమ్ వచ్చింది. నాయ్‌గావ్ పిల్ల, ఇక్కడికి కోడలై వచ్చి పన్నెండేళ్లు, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పోయిన తండ్రి వాయించిన పెట్టెను ఆటోలో వేసుకొచ్చి, "బాగుచేసి ఇచ్చుడు గాదు కాకా, ఎట్ల చేస్తరో నాకు నేర్పుండ్రి" అంది.

రామదాస్ ఎగాదిగా చూశాడు. "ఇది జాకెట్ కుట్టుడు లెక్క గాదు పిల్లా."

"జాకెట్ కుట్టుడు అంత అల్కగుంటదా? ఏదీ, ఒకటి కుట్టి చూపియ్యుండ్రి."

నలభై ఏళ్లు బేరాలాడిన శేట్ పెట్టెను తన ముందుకు లాక్కున్నాడు. ఆ రోజే పాఠం మొదలైంది. మూడు నెలలు రీడు ముట్టనివ్వలేదు, తిత్తికి తోలు అంటించడమే పని. ఆ తర్వాత ఆకురాయి చేతికిచ్చాడు. "కొసకు గీస్తే సుర్ ఎక్కుతది, మొదట్ల గీస్తే దిగుతది. ఎక్కువ గీసినవో, ఇత్తడి సచ్చిపోతది. మళ్ల బతకది." ఒక్కో మెట్టు కిందుండే జోడు రీడ్లు ఒక్కటిగా పలుకుతున్నాయో లేదో అనుమానమొస్తే చెక్క మీద వేలు పెట్టమనేవాడు. జత కలవకపోతే చెక్క సన్నగా వణుకుతుందట. కళ్లు మూసుకుని వేలితో బట్ట నాణ్యం చెప్పిన మనిషి మరి, ఆయన బడి అలాగే ఉంటుంది.

పూనమ్ తప్పు లేకుండా గీసిన మొదటి రీడును ఇంటిల్లిపాదికీ తిప్పి తిప్పి చూపించాడు. తన చేత్తో అమ్మిన పట్టుచీరల్లో ఒక్కటీ ఆయన్ని అంత మురిపించలేదు.

ఈమధ్య ముద్ఖేడ్ నుంచి భజన మండలి దయానంద్ ఒక పెట్టె తెచ్చాడు. వాళ్ల ఊళ్లో హరినామ సప్తాహం, ఏడు రోజులూ ఆ పెట్టె ఆగకుండా పలకాలి. రామదాస్ తానే కూర్చుని శ్రుతి చేసి పంపాడు. మూడో రోజు దయానంద్ పెట్టెతో సహా తిరిగొచ్చాడు.

"నారాజ్ గావద్దు శేట్. కింది సుర్లు మస్తున్నయ్. పైవే పులిసిపోయినయ్, జత కలుస్తలేవు. రేపే సప్తాహం మొదలు."

రామదాస్‌కు కోపం నెత్తికెక్కింది. "పూనమ్! నువ్వేమన్న ముట్టినవా?"

ఆమె దుమ్ము తుడిచిందే తప్ప మూత కూడా తీయలేదు. ఆయన ఆకురాయి అందుకుని పై రీడ్లు మళ్లీ గీయసాగాడు. మూడోదాని దగ్గర ఆమె ఉండబట్టలేక, "ఆపుండ్రి కాకా, ఇంక గీస్తే పనికి రాదు" అంది.

"నాకే నేర్పుతవా? పో ఇంటికి!"

పూనమ్ వెళ్లిపోయింది. పొద్దున్నే వస్తానంటూ దయానంద్ కూడా జారుకున్నాడు.

రామదాస్ పై సుర్ల మెట్లు నొక్కి విన్నాడు. ఆయన చెవికి బాగానే ఉన్నాయి! ఇంకేం, గెలిచాననుకుని చెక్క మీద వేలు పెట్టాడు. చెక్క వణుకుతోంది. మళ్లీ పెట్టాడు. వణుకుతూనే ఉంది. సుందరబాయిని పిలిచాడు.

"నీకేమన్న తేడా వినవడ్తుందా?"

"మీకు వినవడ్తలేదా? ఏడాది సంది కుక్కర్ సీటీ కూడా వినవడ్తలేదు మీకు. చెప్తే కొట్లాటకొస్తరని ఊకున్న."

దుకాణం వదిలిన రోజు కూడా వేయని భయం ఆయనకు ఇప్పుడు వేసింది. చెవి పోతే ఈ గదిలో తనకేం మిగులుతుంది? అంతలోనే పూనమ్ ముఖం గుర్తొచ్చి, భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. చెప్పులేసుకుని ఆమె ఇంటికి నడిచాడు. ఆమె మిషన్ మీద కూర్చుని ఉంది.

"పెట్టె ఖరాబ్ చేసింది నేను. నింద నీ మీద ఏసిన. పై సుర్లు నాకు సక్కగ వినవడ్తలేవు బిడ్డా."

"తెలుసు కాకా. ఆర్నెల్లాయె."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఆ గదికి తాళమేస్తరని భయపడ్డ."

"లే, పోదాం పా" అన్నాడు. గదికొచ్చాక, ఆయన పాడుచేసిన రీడ్లు తీసి పూనమ్ కొత్తవి వేసింది. ఆయన తిత్తి ఊదుతూ పక్కన కూర్చున్నాడు. ఆమె ఆపమన్నప్పుడు ఆపాడు, ఊదమన్నప్పుడు ఊదాడు. ఒక్కసారి కూడా మధ్యలో సలహా ఇవ్వలేదు. సుందరబాయి టీ తెచ్చి, ఈ వింత చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

పొద్దున దయానంద్ వచ్చి కింది నుంచి పైదాకా వాయించాడు. పై సుర్లకొచ్చేసరికి రామదాస్‌కు మంచిచెడ్డలు తెలియలేదు, వేళ్లు కదలడమే కనిపించింది. పూనమ్ వైపు తిరిగాడు.

"ఎట్లుంది?"

"మంచిగుంది కాకా."

రామదాస్ పెట్టె మూతేసి దయానంద్ ముందుకు జరిపాడు.

"పూనమ్ మంచిగుందన్నది. తీస్కపో."