పన్నా అడగకుండా గీసిన తెర

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఆ చదువు చివరి మెట్టు మీద నేను ఆగిపోయినప్పుడు దాటించినవారు మా బాపు. ఆయన ఐదో తరగతి వరకే చదివారు. అప్పటిదాకా కంప్యూటరును ముట్టుకుని కూడా ఎరుగరు. ఈ మాట ఎక్కడ చెప్పినా తండ్రి మీది గౌరవం కొద్దీ అంటున్నాననుకుంటారు. అందుకే జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊళ్లకు ఊళ్లను రోడ్డు మీదికి తెచ్చిన రోజులవి. నేను జగిత్యాలలో అమ్మాయిల హాస్టల్లో ఉండి బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వారంలో రెండు రోజులు తరగతులు జరిగితే అది మంచి వారం. మిగిలిన రోజులన్నీ బందులు, ర్యాలీలు, రిలే దీక్షలు. మేమూ ఆ ర్యాలీల్లో నడిచాం. అయితే అన్నీ వాయిదా పడుతున్నా ప్రాజెక్టు గడువు మాత్రం కదలలేదు. నిజంగా పని జరిగే ఒక చోటికి అవసరమైన కంప్యూటర్ తెరలు తయారు చేసి, అక్కడ నడిపి చూపించి, పనిచేశాయని వాళ్ల సంతకంతో ఉత్తరం తేవాలి. ఉత్తరం లేనివారిని మౌఖిక పరీక్షకు కూర్చోనిచ్చేది లేదని మా లెక్చరర్ సారు ముందే చెప్పారు. కూర్చోకపోతే డిగ్రీ మరుసటి ఏడాదికి పోతుంది. సిరిసిల్లలో బాపు అప్పటికే గల్లీ అంతటికీ నా డిగ్రీ అయిపోయిందని చెప్పి ఉన్నారు.

కోరుట్లలో ఒక చిన్న దవాఖాన వాళ్లు నాకు అవకాశం ఇచ్చారు. కౌంటరు దగ్గర రోగుల వివరాలు రాసుకునే తెర వారికి కావాలి. పేరు, ఊరు, వయసు, ఫోను నంబరు, బాధ ఏమిటో రాసే పెద్ద పెట్టె. కింద వరుసగా సేవ్, ప్రింట్, కొత్త పేషెంటు అనే మూడు బటన్లు. చెప్పుకోవడానికి ఇంతే. కానీ వీటిలో ఏది ఎక్కడ ఉండాలన్నదే అసలు పని.

బాపు పవర్‌లూమ్ కార్మికులు. అంతకు ముందు చాలా ఏళ్లు చేతిమగ్గం మీద తువ్వాళ్లు, ధోవతులు నేశారు. అంచులో పువ్వు వేయాలంటే మొదట గళ్ల కాగితం మీద గీసుకుంటారు. ఒక గడి అంటే ఒక పోగు. చిన్నప్పుడు నాకు బొమ్మలు గీసుకోవడానికి దొరికినవి ఆ కాగితాలే. అందువల్ల తెరకు నమూనా గీయమనగానే నా చేయి గళ్ల కాగితం మీదికే పోయింది. తెర మీది పది చుక్కలకు ఒక గడి అని లెక్క పెట్టుకున్నాను. పేరు పెట్టె ఎడమ నుంచి పద్నాలుగో గడిలో మొదలు కావాలి. సేవ్ బటన్ పై నుంచి అరవై నాలుగో గడి దగ్గర ఉండాలి. భాగాలను వాటంతట అవే సర్దుకునేలా చేసే పద్ధతులు నేను ప్రోగ్రాం రాసిన జావా భాషలో ఉన్నాయి. నేను వాటిని పక్కన పెట్టి, ఒక్కొక్క భాగానికి చోటు, వెడల్పు, ఎత్తు నేనే అంకెల్లో చెప్పాను. కాలేజీ ల్యాబులో ఆ తెర చూసి సారు సైతం ఒక నిమిషం నిలబడ్డారు. ఒక గీత కూడా వంకర లేదు. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఆ గర్వంతోనే కోరుట్ల బస్సు ఎక్కాను. దవాఖాన కౌంటరులో కూర్చునే ఆవిడను అందరూ అక్క అనేవారు. కూలికి పోయే ఇంట పుట్టి, ఆయాగా చేరి, రాత చక్కగా ఉందని కౌంటరుకు మారిన మనిషి. ఉత్తరం మీద సంతకం డాక్టరు గారిదే, కానీ అక్క సరేనంటేనే పెడతానని ఆయన అన్నారు. అక్కడి కంప్యూటరులో జావా ఎక్కించి నా తెర తెరిచాను. అది పాత డబ్బా మానిటరు, మా ల్యాబువాటికన్నా చిన్నది. కుడివైపు పెట్టెలు కత్తెరతో కోసినట్టు సగంలో ఆగిపోయాయి. కింది బటన్ల వరుస మొత్తానికే కనబడలేదు.

అక్క వివరాలన్నీ నింపి నా వైపు తిరిగింది.

"రాసుడైతే రాసిన. ఇది ఏడ దాస్తది బిడ్డా?"

"కింద సేవ్ బటన్ ఉంటదక్కా."

ఆమె కుర్చీ వెనక్కి జరిపి బల్ల కిందికి వంగి చూసింది. "కింద నా చెప్పులున్నయ్."

వరుసలో ఉన్నవారంతా నవ్వారు. పెగడపల్లి నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. "నవ్వుడు తర్వాత. ముందుగాల నా చిట్టి రాయుండ్రి" అన్నాడు.

అక్క తన నోటు పుస్తకం తెరిచి ఆయన చిట్టీ రాస్తూనే చెప్పింది: "ఇంకో ముచ్చట. నువ్వు పేరు ముందట వెట్టినవ్. గీడికి అచ్చేటోళ్లు పేరు చెప్పరు. పెగడపల్లోళ్లం, వెల్గటూరోళ్లం అంటరు. నేను ఊరు యాది వెట్టుకొని, పేరు అడిగి రాసి, మళ్ల ఊరు కాడికి రావాలె. గింత సదివినవు, గది ఎర్కలేదా?"

ఉత్తరం రాలేదు. గడువుకు పది రోజులు మిగిలాయి.

మరునాడే ఉద్యమ సమ్మె గట్టిపడి హాస్టలు మూశారు. బస్సులు ఆగేలోపు ఇంటికి చేరుకున్నాను. సమ్మెతో మగ్గాల చప్పుడు ఆగిన సిరిసిల్లలో మెల్లగా మాట్లాడినా పక్కింటికి వినబడుతుంది. నేను ఒక మూల కూర్చుని గళ్ల కాగితాన్ని పదేపదే లెక్కపెట్టుకుంటున్నాను. బాపు వచ్చి పక్కన కూర్చున్నారు. సంగతంతా చెప్పాను, ఉత్తరం లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. ఆయన కాగితం తీసుకుని వేలి గోరుతో గళ్లు లెక్కించారు.

"లెక్క తప్పలే. పోగుకు పోగు సక్కగున్నది" అన్నారు. ఆ తరువాత అడిగారు: "గా దవాఖాన డబ్బ పన్నా ఎంత?"

పన్నా అంటే బట్ట వెడల్పు.

"అడగలేదు బాపు."

"పన్నా అడగకుంట మగ్గమెక్కినవా?"

చాటలో బీడీలు చుడుతున్న అమ్మ తల ఎత్తకుండానే అన్నది: "మూడేండ్ల సంది హాస్టల్ల ఏం నేర్పిన్రో ఏమో."

బాపు లేచి, భుజం మీది తువ్వాలనూ దండెం మీది ధోవతినీ నా ముందు పక్కపక్కన పరిచారు. రెండూ ఆయన చేతిమగ్గం నాటివే.

"ఇది చిన్న పన్నా, అది పెద్ద పన్నా. అంచు సూడు. రెండిట్ల ఒక్కతీరే. పన్నా పెరిగితే పెరిగేది నడుమ, తగ్గితే తగ్గేది నడుమ. అంచు పోగులు ముందుగాల్నే తీసి పెడ్తం, మిగిలినయి నడుమకు. నువ్వేమో అంతా నడుమనే పోసి అంచును ఆఖర్ల వెట్టినవ్. పన్నా సాలకపోతే తెగేది ఏంది మరి? అంచే."

తెరకు నాలుగు వైపులా ఉండే భాగాలు తమ మందం నిలుపుకుంటాయని, మిగిలిన చోటంతా నడిమి భాగానికి దక్కుతుందని జావా పాఠంలో ఉన్నది. పరీక్షలో ఐదు మార్కులకు దానిని తప్పు లేకుండా రాసినదాన్ని. బాపు ధోవతి పరిచేదాకా అది దేనికి పనికివస్తుందో నాకు తెలియదు.

ఇంట్లో కంప్యూటరు లేదు, కరెంటు కూడా లేదు. నోటు పుస్తకంలోనే తెరను మళ్లీ రాశాను. బటన్ల వరుసను కింది అంచుకు, దవాఖాన పేరును పై అంచుకు పంపాను. పెట్టెలన్నీ నడుమ. అన్నిటికన్నా ముందు ఊరు, ఆ తరువాతే పేరు. ఇక దానిని నడిపి చూడాలి. బందులో మూతపడనిది దవాఖాన ఒక్కటే కనుక ఆ పని కోరుట్లలోనే జరగాలి. మర్నాడు పొద్దున బాపు పక్కింటివారి మోపెడ్ అడిగి తెచ్చారు.

కథలాపూర్ దగ్గర రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. యువకులు బండి ఆపారు.

"ఏడికి కాకా? ఇయ్యాల బందు ఎర్కలేదా?"

"ఎర్కే. కోరుట్ల దవాఖానకు."

"ఎవలకు బాగలేదు?"

"అందరికి మంచిగున్నది. దవాఖాన కంప్యూటర్ల నా బిడ్డ పని ఉన్నది. ఆమె పోకుంటే చిట్టీలు సాగయి."

అందులో సగమే నిజం. నా తెర లేకుండానే అక్క చిట్టీలు చక్కగా రాస్తున్నది. వాళ్లు నన్ను ఒకసారి చూసి, విస్తరాకులో ఇంత పులిహోర పెట్టి, తిన్నాకే పంపారు.

రోగులు పలచబడిన మధ్యాహ్నం వేళ కౌంటరులో కూర్చుని నోటు పుస్తకంలోనిదంతా కంప్యూటరులోకి ఎక్కించాను. రెండు తప్పులు దొర్లాయి, దిద్దుకున్నాను. తెర తెరుచుకుంది. బటన్లు మూడూ కింద వరుసగా కనిపించాయి. మౌసుతో తెర మూల పట్టి లోపలికి లాగాను. నడుమ తగ్గింది, బటన్లు నిలిచాయి. బయటికి లాగితే నడుమ పెరిగింది. బాపు ముందుకు వచ్చి, మానిటరు అద్దం మీద బటన్ల వరుస దగ్గర బొటనవేలు ఆనించి అడిగారు.

"ఇగ ఇది తెగదు కదా?"

"తెగదు బాపు."

అక్క నన్ను లేపి తానే కూర్చున్నది. అప్పుడే వచ్చిన ఒక తల్లి, బిడ్డను ఎత్తుకుని "బోయినపల్లోళ్లం" అన్నది. అక్క వేళ్లు ఆగకుండా ఊరు పెట్టెలో నడిచాయి. పేరు, వయసు, సేవ్, ప్రింట్. చిట్టీ బయటికి వచ్చింది.

"చెప్పులు పోయి బటన్ అచ్చింది" అని, బాపు వైపు తిరిగి అడిగింది: "ఎవలు నేర్పిన్రు ఈ పిల్లకు?"

"కాలేజిల" అన్నారు బాపు.

డాక్టరు గారు ఆ సాయంత్రమే సంతకం పెట్టారు.

ఆ ఉత్తరంతో మౌఖిక పరీక్షకు కూర్చున్నాను. తెరను పెంచి, తగ్గించి చూపించాను. ఈ అమరికను ఏ పుస్తకం చూసి చేశావని సారు అడిగారు. నా ప్రాజెక్టు నివేదిక చివరి పుటలోని ఆధార గ్రంథాల పట్టిక తీసి చూపించాను. మొదటి రెండూ పాఠ్య పుస్తకాలు. మూడో వరుసలో "మా బాపు, నేత కార్మికులు, సిరిసిల్ల" అని టైపు చేసి ఉన్నది.

"ఇది పుస్తకాల పట్టికమ్మా. మనుషులను రాయరు" అన్నారు సారు.

ధోవతి సంగతి చెప్పాను. ఆయన మరొకసారి తెర మూల పట్టి తానే లాగి చూశారు. ఆ వరుస కొట్టేయకుండా, దాని కిందనే సంతకం చేశారు.

ఆ నివేదిక ఇప్పటికీ సిరిసిల్లలో మా ఇంట్లోనే ఉంది. ఇంటికి ఎవరు వచ్చినా బాపు దానిని తీసి, వెనక పుట నుంచి తెరిచి చూపిస్తారు.