గుండంలో మేమిద్దరం, స్టీరింగ్ దగ్గర మార్తమ్మగారు

1938. అప్పుడు పంజాగుట్ట అంటే ఊరి చివర. రోడ్డుకు ఇటు తోటలు, అటు బండలు, మధ్యలో మా మోటారు గ్యారేజీ. చిన్నప్పుడే బడి నన్ను వద్దనుకుంది, నేనూ బతిమాలలేదు. చేతికి స్పానరు వచ్చాక మాత్రం నన్ను ఎవరూ బయట నిలబెట్టలేదు.

కారు కొన్నవాళ్లంతా డ్రైవరును పెట్టుకునే రోజులవి. సొంతంగా నడుపుకుంటూ సెలవులకు వెళ్లడమంటే విమానం ఎక్కినంత గొప్ప. మా అమీర్‌పేట డాక్టరు దేవసహాయంగారికి ఆ గొప్ప కావాల్సి వచ్చింది. సెకండ్ హ్యాండ్ కారు కొని, మా దగ్గర ఇంజను బాగు చేయించుకుని, ఈస్టర్ సెలవులకు భార్య మార్తమ్మగారితో తాండూరు వైపు బయలుదేరారు. డ్రైవరు వద్దన్నారు గానీ, దారిలో బండి ఆగిపోతుందేమోనన్న భయం ఉంది. అందుకని వెనక సీట్లో నన్ను వేసుకున్నారు, స్టెప్నీ లాగా. స్టెప్నీ అంటే అదనపు చక్రం. అవసరం పడితే దేవుడు, లేకపోతే బరువు.

తాండూరు దాటాక అంతా నాపరాళ్ల నేల. మనిషి జాడ లేని ఒక బీడులో ఉన్నట్టుండి నేల నోరు తెరిచి కనిపించింది. గుండ్రటి గొయ్యి. అడుగున నీలం పలక లాంటి నీళ్లు. డాక్టరుగారు కారును తిన్నగా దాని అంచు దాకా పోనిచ్చి ఆపారు, సీట్లో కూర్చునే చూడొచ్చని.

"గిది ఎవడూ తవ్వలే యాదగిరీ! లోపల సున్నపురాయి నీళ్లకు కరిగి, పైకప్పు కూలిపోయిందన్నట్టు," అన్నారు, అప్పటికే చొక్కా విప్పుతూ.

మేమిద్దరం అమీర్‌పేట తోటల్లో మోట బావుల్లో ఈత నేర్చినవాళ్లం. గట్టు ఎక్కామంటే దూకడమే. మెట్లు ఎక్కడున్నాయని ఎవడూ చూడడు. బావి అన్నాక మెట్లు ఉండి తీరతాయి. ఆయన "యేసయ్యా!" అంటూ దూకారు. ఆయన డాక్టరు కదా, చూసే దూకి ఉంటారని నేనూ దూకాను.

అబ్బ, ఏం నీళ్లవి! ఎండాకాలంలో కుండ నీళ్లలో మొత్తంగా మునిగినట్టు. కాళ్ల కింద అడుగు లేదు, చేపలు మా వేళ్లు లెక్కపెడుతున్నాయి. పిల్లల్లా కేకలు వేశాం. మా కేకలు గోడలకు తగిలి పదింతలై తిరిగొచ్చాయి.

మార్తమ్మగారిది గుంటూరు వైపు. అంచు మీది నుంచి తొంగి చూసి అడిగారు: "బాగానే ఉంది గానీ, పైకి ఎలా వస్తారండీ?"

డాక్టరుగారు నన్ను చూశారు. నేను ఆయన్ను చూశాను. చుట్టూ నున్నటి గోడ, పైకి పోయేకొద్దీ లోపలికే వంగింది. నీటికీ అంచుకూ మధ్య రెండు నిలువుల ఎత్తు.

ఆగిన బండిని లాగడానికి డిక్కీలో మోకు ఉంది. దాన్ని కారు ముందు యాక్సిల్‌కు, అంటే చక్రాలను కలిపే ఇనుప కడ్డీకి, కట్టి కిందికి వదలమన్నాను. ఆవిడ వదిలారు. పట్టుకుని ఎక్కబోయి, సగంలో జారి మళ్లీ నీళ్లలో పడ్డాను. అంతలో డాక్టరుగారి ముఖం మారింది.

"యాదగిరీ, పిక్క పట్టింది. కాలు కదుల్తలేదు."

ఆయనది మంచి తిండి తిన్న శరీరం. ఒక చేత్తో ఆయన్ను, ఒక చేత్తో రాతి పగులును పట్టుకున్నాను. ఎంతసేపు పట్టగలను? ఇక మిగిలింది కారు ఒక్కటే, అది వెనక్కి పోతే మోకు మమ్మల్ని పైకి లాగుతుంది. మార్తమ్మగారు అంతవరకు స్టీరింగ్ ముట్టి ఎరగరు. పైగా కారు ముక్కు మా నెత్తి మీదే ఉంది. రివర్స్ అంటే వెనక్కి నడిపే గేరు. అది పడాల్సిన చోట ఫస్ట్ గేరు పడితే, కారే మా మీదికి ఈతకు వస్తుంది.

మోకును ఆయన చంకల కింద బిగించి అరిచాను: "అమ్మా, వెనక సీటు పరుపు తీసి అంచు మీద ఎయ్యి, మోకు కొయ్యకుంట! ఇగ స్టీరింగ్ కాడ కూసో. ఎడమ కాలి కింద క్లచ్ ఉంటది. అది తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ దోస్తీ కట్!"

"తొక్కాను!"

"సెల్ఫ్ నొక్కి ఇంజను లేపు! గేర్ రాడ్ పైకి లేపి, ఎడమకు తోసి, ముంగటికి! హ్యాండ్ బ్రేక్ వదులు!"

"వదిలాను! ఇప్పుడు?"

"కుడి కాలుతోని జర గ్యాస్ ఇచ్చి, క్లచ్ మెల్లగ వదులు!"

కారు ఒక్కసారి ముందుకు దూకింది. గులకరాళ్లు మా నెత్తిన రాలాయి. ముందు చక్రం అంచున గాలిలోకి తొంగి చూసింది. వెంటనే ఇంజను ఆగిపోయింది.

"మార్తా! మమ్ముల చంపుతవా ఏంది?" అని డాక్టరుగారు కేక పెట్టారు.

"మీరు నోరు మూసుకుని తేలండి! యాదగిరీ, రాడ్ పైకి లేవలేదు. ఎంత గట్టిగా లాగాలి?"

"కోపమొచ్చినప్పుడు లాగినట్టు! మీకు కుట్టు మిషను ఉంది గదా అమ్మా? పట్టు రవికె కుట్టేటప్పుడు ఎట్ల తొక్కుతరు? గట్లనే వదులుండ్రి క్లచ్."

 తర్వాత సెల్ఫ్ మోగింది. రాడ్ టక్కుమంది. ఇంజను ఒక్క లయలో, పట్టు మీద సూది నడిచినట్టు నడిచింది. మోకు బిగిసింది. డాక్టరుగారు నీళ్లు కారుతూ, కాళ్లు వేలాడేస్తూ, కసాయి కొట్టు ముందు మేకపోతులా పైకి లేచారు. నవ్వు ఆపుకోలేక నేను నాలుగు గుక్కలు మింగాను. తర్వాత పొడవుగా మిగిలిన మోకు కొస నాకోసం దిగింది.

పైకి వచ్చేసరికి డాక్టరుగారు స్టీరింగ్ వైపు తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు.

"వెనక కూర్చోండి," అన్నారు మార్తమ్మగారు. "ఎంత దూరమని రివర్స్‌లో పోతాను? ముందుకు పోయేది కూడా నేర్పు, యాదగిరీ."

వెనక సీటు మీద డాక్టరుగారు, పక్క సీట్లో నేను. తాండూరు చేరేదాకా ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు.

ఇంజను గురించి నాకు చాలామంది నేర్పారు. బండిలో ఎంతమంది ఉంటే అంతమందికీ నడపడం రావాలని నేర్పింది మాత్రం ఆ గుండమే. అప్పటి నుంచి కారు అప్పగించే ముందు ఇంటావిడను పిలిచి, గ్యారేజీ వెనక మైదానంలో రివర్స్ చేయించనిదే తాళం ఇవ్వలేదు. "ఆమెకెందుకయ్యా గీ ఫికర్?" అని మగవాళ్లు గునిసేవారు. నేను ఒక్కటే అడిగేవాణ్ని.

"సాబ్, మీకు ఈత వచ్చా?"

వచ్చని ఛాతీ విరిచి చెప్పినవాడి భార్యకు ఇంకో రోజు ఎక్కువ నేర్పేవాణ్ని.